నేచురల్ హిస్టరీలో సొంతంగా ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్: ప్రశ్న వెతకడం నుంచి వైవా దాకా

ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ దేని మీద చేస్తున్నావని అడిగితే చాలామంది ఒక జీవి పేరు చెబుతారు. సీతాకోకచిలుకలు, సాలీళ్లు, గబ్బిలాలు. ఇష్టం అక్కడి నుంచే మొదలవుతుంది, మొదలవ్వాలి కూడా. కానీ ఆ పేరొక్కటే పట్టుకుని ఫీల్డులోకి వెళ్లినవాళ్లు కొన్ని నెలల తర్వాత బోలెడు ఫొటోలతో, ఒక జాతుల జాబితాతో తిరిగొచ్చి, ఇప్పుడు దీంతో ఏం చేయాలా అని టెన్షన్ పడుతుంటారు. ల్యాబ్ ప్రాజెక్టులో ప్రశ్న, పరికరం, పద్ధతి చాలావరకు సిద్ధంగా ఉంటాయి. ప్రకృతిని గమనించే ప్రాజెక్టు సొంతంగా చేసేటప్పుడు ఆ మూడూ మనమే సమకూర్చుకోవాలి. నా ఉద్దేశంలో ఇలాంటి ప్రాజెక్టు నిలబడుతుందా లేదా అన్నది మొదటి ఫీల్డు రోజుకు ముందే చాలావరకు తేలిపోతుంది. అందుకే ఈ మార్గదర్శిలో సగం దాకా బయట అడుగు పెట్టం.

మొదటి మెట్టు: క్యాలెండర్‌ను చివర నుంచి చూడండి

రిపోర్టు ఇవ్వాల్సిన తేదీ ముందు రాసుకోండి. అక్కడి నుంచి వెనక్కి రండి. రాయడానికి, దిద్దుకోవడానికి రెండు నెలలు. విశ్లేషణకు ఒక నెల. పురుగులో, నాచులో అయితే గుర్తింపుకు ఇంకో నెల. పరీక్షల రోజులు తీసేయండి. ఇక మిగిలిందే ఫీల్డు పని. అందులోనూ వాన, గాలి, జ్వరం, బస్సు రాకపోవడం లాంటి కారణాలతో మూడో వంతు రోజులు పోతాయనుకుని లెక్క వేసుకోండి.

ఇప్పుడు అసలు విషయం. ఆ మిగిలిన వారాల్లో మీ జీవి అక్కడ ఉంటుందా? వలస పక్షులు వెళ్లిపోయాక, పూత రాలిపోయాక, తూనీగలు కనబడని నెలల్లో ఎంత కష్టపడినా డేటా రాదు. మీ ఖాళీ సమయానికి, జీవి సీజన్‌కు పొత్తు కుదరకపోతే జీవినే మార్చుకోండి. సీజన్‌తో పెద్దగా పని లేనివి చాలానే ఉన్నాయి: చెట్ల బెరడు మీది లైకెన్లు, ఆకుల మీద పురుగులు చేసిన బుడిపెలు, ఖాళీ నత్తగుల్లలు, గుడ్లగూబలు కక్కిన ఉండల్లోని ఎముకలు.

బయటికి వెళ్లే వీలు అసలే లేకపోతే మ్యూజియం, హెర్బేరియం (ఎండబెట్టిన మొక్కలను షీట్ల మీద అతికించి దాచే చోటు) ఉన్నాయి. హెర్బేరియం షీటు మీద మొక్కతో పాటు సేకరించిన చోటు, తేదీ ఉంటాయి. ఆ రోజు మొక్క పూతలో ఉందా, కాయ మీద ఉందా అన్నది షీటును చూస్తేనే తెలుస్తుంది. వందేళ్ల షీట్లు దొరికితే పూత కాలం ముందుకు జరిగిందా అని అడగవచ్చు. 2001లో మొదలైన జీబిఫ్ అనే అంతర్జాతీయ డేటా వేదికలో రెండు వందల కోట్లకు పైగా రికార్డులు ఉచితంగా దొరుకుతాయి. ఒక్క జాగ్రత్త: రికార్డులు ఎక్కువగా రోడ్ల పక్కన, నగరాల దగ్గర, సెలవు రోజుల్లో పోగవుతాయి. మనుషులు ఎక్కడ తిరిగారో చూపించే పటాన్ని జీవి ఎక్కడ ఉందో చూపించే పటం అనుకుంటే ప్రాజెక్టు మొత్తం తప్పుదోవ పడుతుంది.

రెండో మెట్టు: జీవి పేరు నుంచి ప్రశ్న దాకా

చోటు దగ్గరిదై ఉండాలి. ఇది రాజీ పడటం కిందికి రాదు. పదే పదే వెళ్లగలిగిన చోటే మంచి డేటా ఇస్తుంది. డార్విన్ 1842 డిసెంబరులో తన ఇంటి దగ్గరి పొలంలో సుద్దముక్కలు చల్లించి వదిలేశాడు. 29 ఏళ్ల తర్వాత, 1871 నవంబరులో అక్కడ కందకం తవ్విస్తే ఆ తెల్లటి వరుస 7 అంగుళాల లోతున కనిపించింది. వానపాములు పైకి తెచ్చి పోసిన మట్టే ఆ ముక్కల్ని కప్పేసింది. అంత ఓపిక మనకు కుదరకపోవచ్చు కానీ, ఇంటి పక్క పొలం కూడా పెద్ద ప్రశ్నకు సరిపోతుందన్న ధైర్యం మాత్రం తీసుకోవచ్చు.

ప్రశ్న ఎలా పుడుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. నిమ్మజాతి మొక్కల లేత ఆకుల మీద వెండి రంగులో వంకర టింకర గీతలు కనిపిస్తుంటాయి. వాటిని పాముపొడ అంటారు. ఒక చిన్న రెక్కల పురుగు లార్వా ఆకు పైపొర కిందే తింటూ పోవడం వల్ల ఆ గీత ఏర్పడుతుంది. అలాంటి ఒక ఆకును తెంపకుండానే వెలుతురుకు అడ్డంగా పట్టి, చేతి భూతద్దంతో చూడండి. గీత మొదలు వెంట్రుకంత సన్నగా ఉంటుంది. గుడ్డు పెట్టింది అక్కడే. లార్వా ఎదిగేకొద్దీ సొరంగం వెడల్పవుతుంది. మధ్యలో నల్లటి సన్నని గీత దాని రెట్ట. సొరంగం ఆకు అంచు దగ్గర ముగిసి, అంచు కొద్దిగా మడత పడి ఉంటే లార్వా అక్కడ ప్యూపా అయ్యింది. ఆ మడతలోంచి ఖాళీ తొడుగు బయటికి పొడుచుకుని ఉంటే పురుగు ఎగిరిపోయింది. సొరంగం పైపొర చిరిగి ఉంటే ఏదో వేటాడింది. మడత మీద చిన్న గుండ్రటి రంధ్రం ఉంటే లార్వాను తిని పెరిగిన పరాన్నజీవి కందిరీగ బయటికి వెళ్లి ఉండవచ్చు. సొరంగం సన్నగా ఉండగానే ఆగిపోయి, లోపల ఎండిన లార్వా ఉంటే అది చిన్నప్పుడే చచ్చిపోయింది.

ఒక్క ఆకు మీద ఒక ప్రాణి పుట్టుక, ఎదుగుదల, చావు రాసి ఉన్నాయి. పైగా అది కదలదు, పారిపోదు, ఎవరినీ చంపనక్కర్లేదు. ఖర్చు ఒక భూతద్దం, ఒక స్కేలు.

ఇప్పుడు "పాముపొడ పురుగు మీద అధ్యయనం" అన్నది టాపిక్. "ఎండ తగిలే కొమ్మల్లో సొరంగాలు ఎక్కువా, నీడ కొమ్మల్లోనా?" అన్నది ప్రశ్న. "నీడ కొమ్మల్లోని లార్వాలను కందిరీగలు తక్కువగా పట్టుకుంటాయా?" అన్నది ఇంకా మంచి ప్రశ్న, ఎందుకంటే దాని వెనక ఒక కారణం ఉంది.

మీ ప్రశ్నను మూడు విధాలుగా పరీక్షించండి. జవాబు అవునైనా కాదైనా చెప్పుకోదగ్గదిగా ఉంటుందా? ఏం కొలుస్తారో ఒక్క వాక్యంలో చెప్పగలరా? ఆ కొలత మీ స్నేహితుడు తీసినా దాదాపు అదే వస్తుందా? "వైవిధ్యంపై మానవ ప్రభావం" లాంటివి మొదటి పరీక్ష దగ్గరే ఆగిపోతాయి. ఏ వైవిధ్యం, ఏ ప్రభావం, దేనితో పోలిస్తే? ఇవి తేలేదాకా పాత పరిశోధనలు చదవండి. అన్నీ చదవక్కర్లేదు. మీ జీవి కుటుంబం మీద, మీ పద్ధతి మీద వచ్చినవి పదిహేనో ఇరవయ్యో శ్రద్ధగా చదివితే చాలు. ప్రతి పేపర్‌లోనూ వాళ్లు ఎన్ని శాంపిళ్లు తీశారు, ఎంత తేడా దొరికింది అన్నవి మాత్రం తప్పకుండా రాసుకోండి. మూడో, నాలుగో మెట్లలో పనికొచ్చేవి అవే.

మూడో మెట్టు: ఫలితాల పట్టికను ముందే గీయండి

ఈ మొత్తం మార్గదర్శిలో ఒక్కటే పాటిస్తానంటే ఇది పాటించండి. డేటా ఒక్క ముక్క కూడా లేకముందే, రిపోర్టులో ఉండబోయే ముఖ్యమైన పట్టికను, గ్రాఫును తెల్లకాగితం మీద గీయండి. పాముపొడ ఉదాహరణలో పట్టిక ఇలా ఉంటుంది: చెట్టు సంఖ్య, కొమ్మ సంఖ్య, ఎండా నీడా, చూసిన ఆకులు, సొరంగాలున్న ఆకులు, ఎగిరిపోయినవి, కందిరీగ పట్టినవి, వేటకు పోయినవి, ఎలా పోయాయో తెలియనివి. గ్రాఫులో అడ్డంగా ఎండ, నీడ. నిలువుగా కందిరీగ పట్టిన సొరంగాల వాటా.

ఈ పని చేస్తుండగానే చిక్కులు బయటపడతాయి. ఎండ కొమ్మ అంటే ఏమిటి? రోజుకు ఎన్ని గంటలు ఎండ తగిలితే? "ఎలా పోయాయో తెలియనివి" అన్న గడి లేకపోతే సందేహం ఉన్న ప్రతి ఆకునూ ఏదో ఒక గడిలోకి నెట్టేస్తాం. కొత్త ఆకుల్లో లార్వా ఇంకా బతికే ఉంటే దాన్ని ఏ గడిలో వేయాలి? ఇవన్నీ కాగితం మీద తేల్చుకుంటే ఒక సాయంత్రం పని. ఫీల్డు అయిపోయాక తేల్చుకోవాలంటే మళ్లీ వచ్చే సీజన్ దాకా ఆగాలి.

ఆ పట్టిక కిందే ఏ పరీక్షతో లెక్క కడతారో కూడా రాసి గైడుకు చూపించండి. గణాంకాలంటే భయమున్నవాళ్లకు ఇది మరీ అవసరం. సాయం అడగాల్సిన సమయం ఇదే. డేటా అంతా తెచ్చాక గణాంకాల మాస్టారు ఎంత మంచివారైనా, తీయని శాంపిల్‌ను తీసినట్టు చేయలేరు.

నాలుగో మెట్టు: ఒక శాంపిల్ అంటే ఏది?

మూడు చెట్ల నుంచి వందేసి ఆకులు చూస్తే మీ దగ్గర 300 శాంపిళ్లు ఉన్నట్టా, మూడు ఉన్నట్టా? ఎండ చెట్లకు, నీడ చెట్లకు మధ్య తేడా చెప్పాలంటే ఉన్నవి మూడే. ఒకే చెట్టు ఆకులు ఒకే వేరు నుంచి, ఒకే నేల నుంచి వచ్చినవి. అవి ఒకదాన్ని ఒకటి పోలి ఉంటాయి. మూడొందల ఆకులూ వేటికవే అన్నట్టు లెక్క కడితే లేని తేడా కూడా ఉన్నట్టు కనిపిస్తుంది. దీనికి సూడోరెప్లికేషన్ అని పేరు పెట్టింది స్టువర్ట్ హర్ల్‌బర్ట్ అనే పర్యావరణ శాస్త్రవేత్త. 1984లో ఆయన 176 ప్రయోగాత్మక అధ్యయనాలను తరచి చూస్తే 27 శాతంలో ఈ పొరపాటు కనిపించింది. అచ్చయిన పరిశోధనల్లోనే అంత ఉందంటే విద్యార్థులు ఎంత జాగ్రత్త పడాలో ఆలోచించండి.

పరిష్కారం ఆకుల సంఖ్య పెంచడం కాదు, చెట్ల సంఖ్య పెంచడం. ఒక్కో చెట్టు నుంచి వంద ఆకులు చూసే బదులు ఇరవై చూసి, మిగిలిన సమయం ఇంకో చెట్టుకు ఇవ్వండి. ఇంకా మంచి మార్గం, ప్రతి చెట్టులోనూ ఎండ కొమ్మ ఒకటి, నీడ కొమ్మ ఒకటి తీసుకోవడం. అప్పుడు చెట్టుకూ చెట్టుకూ ఉండే తేడా రెండు వైపులా సమానంగా ఉంటుంది కాబట్టి పోలిక శుభ్రంగా వస్తుంది. అదే సూత్రం చెరువులకు, గోడలకు, గూళ్లకు వర్తిస్తుంది. ఒక చెరువులో పది వలలు వేస్తే ఆ చెరువు గురించి బాగా తెలుస్తుంది, చెరువులన్నిటి గురించీ కాదు.

ఎంచుకోవడం కూడా మీ కంటికి వదలకండి. కన్ను ఎప్పుడూ బాగా కనిపించే ఆకు మీదికే పోతుంది. కొమ్మలకు అంకెలు వేసి, ఫోన్‌లో యాదృచ్ఛిక సంఖ్య తీసి, అది ఏది చెబితే ఆ కొమ్మనే చూడండి. దాని మీద ఒక్క సొరంగం లేకపోయినా సున్నా అని రాయండి. సున్నాలు లేని డేటాతో ఎంత తరచుగా దొరుకుతుందో ఎప్పటికీ చెప్పలేం.

ఐదో మెట్టు: జీవిని బట్టి పద్ధతి

కొత్త పద్ధతి కనిపెట్టొద్దు. మీ జీవికి వాడుకలో ఉన్నది తీసుకుంటేనే మీ ఫలితాలను ఇతరుల ఫలితాలతో పోల్చడం కుదురుతుంది.

సీతాకోకచిలుకలకు పోలార్డ్ నడక ఉంది. ముందే ఖరారు చేసిన దారిలో ఒకే నిదానంతో నడుస్తూ, రెండు పక్కలా రెండున్నర మీటర్లు, ముందు ఐదు మీటర్ల లోపల కనిపించినవే లెక్కపెడతారు. ఆ గీత దాటి ఎంత అందమైనది ఎగిరినా లెక్కలోకి రాదు. బ్రిటన్‌లో 1976 నుంచి ఈ పద్ధతితోనే లెక్కలు నడుస్తున్నాయి. పక్షులకైతే ఒక చోట నిలబడి ఐదు లేక పది నిమిషాలు లెక్కించే పాయింట్ కౌంట్ తేలిక, కానీ రోజూ ఒకే వేళకు చేయాలి. తెల్లవారుజామున ఒక తోటను, మధ్యాహ్నం ఇంకో తోటను చూసి పోలిస్తే మీరు పోల్చింది తోటలను కాదు, వేళలను.

ప్రవర్తన మీద చేసేవాళ్లు జీన్ ఆల్ట్‌మన్ 1974లో వివరించిన పద్ధతులను తప్పక తెలుసుకోవాలి. కంటపడింది రాసుకుంటూ పోతే పోట్లాటలు, అరుపులు ఎక్కువగా, విశ్రాంతి తక్కువగా నమోదవుతాయి. ఒక్క జంతువును ఎంచుకుని పది నిమిషాలు దాన్నే చూడటం ఒక దారి. ఐదు నిమిషాలకోసారి గుంపు మొత్తం మీద చూపు తిప్పి ఆ క్షణంలో ఎవరేం చేస్తున్నారో రాయడం ఇంకో దారి. ఎవరు ఎంతసేపు తింటారని తెలియాలంటే రెండూ పనికొస్తాయి. అరుదుగా జరిగే పోట్లాటల కోసమైతే రెండోది పనికిరాదు.

పూల దగ్గర కాపు కాసేవాళ్లు "సందర్శన" అంటే ఏమిటో ముందే తేల్చుకోవాలి. వాలితే చాలా? పుప్పొడి కాడలకు తగలాలా? వడ్రంగి తుమ్మెదలు కొన్ని పొడుగాటి పూల మొదట్లో చీల్చి, ముందు వైపు నుంచి రాకుండానే మకరందం తాగేస్తాయి. దూరం నుంచి చూస్తే అదీ సందర్శనే. కానీ పువ్వుకు అందులో దక్కింది తక్కువ.

నత్తల్లాంటి వాటి సంఖ్య కావాలంటే గుర్తు పెట్టి మళ్లీ పట్టే పద్ధతి సరదాగానూ ఉంటుంది, లెక్క కూడా సులువు. 40 నత్తల గుల్ల మీద చిన్న రంగు చుక్క పెట్టి వదిలారు. కొన్ని రోజుల తర్వాత 50 దొరికితే అందులో 10కి చుక్క ఉంది. అంటే 40ని 50తో గుణించి 10తో భాగిస్తే 200. చిన్న శాంపిళ్లకు వాడే చాప్‌మన్ సవరణతో అదే లెక్క సుమారు 189 వస్తుంది. రెండూ కొన్ని షరతుల మీద నిలబడతాయి: చుక్క చెరిగిపోకూడదు, చుక్క ఉన్నవి పక్షుల కంట ఎక్కువగా పడకూడదు, ఈలోపు కొత్తవి రాకూడదు, ఉన్నవి పోకూడదు. రిపోర్టులో ఈ షరతుల గురించి నిజాయతీగా రాసినవాళ్లకే మంచి మార్కులు వస్తాయి, రావాలి కూడా.

ఆరో మెట్టు: గైడు, అనుమతులు, భద్రత

గైడు దగ్గరికి ఉత్త చేతులతో వెళ్లకండి. ఒక్క పేజీ తీసుకెళ్లండి: ప్రశ్న, ఖాళీ పట్టిక, మీకు తేలని రెండు సందేహాలు. మాట్లాడుకున్నది ఆ సాయంత్రమే మెయిల్‌లో నాలుగు లైన్లుగా పంపండి. ఎవరేం నిర్ణయించారన్న గందరగోళం తర్వాత రాదు. మీ జీవి గురించి గైడుకు అంతగా తెలియకపోయినా బాధపడక్కర్లేదు. ప్రశ్నలోని లొసుగు పట్టుకునే గైడు, జాతుల పేర్లు చెప్పే గైడు కన్నా విలువైనవారు.

రక్షిత ప్రాంతాల్లోకి వెళ్లాలన్నా, రక్షిత జాతులను తాకాలన్నా, వెన్నెముక ఉన్న జంతువులను పట్టాలన్నా రాతపూర్వక అనుమతి కావాలి, దానికి నెలలు పట్టవచ్చు. నమూనాలు ఒక దేశం నుంచి మరో దేశానికి పంపడం ఇంకో లోకం: అంతరించే ముప్పున్న జాతుల వ్యాపారాన్ని అదుపు చేసే, 1975 నుంచి అమల్లో ఉన్న సైటీస్ ఒప్పందం, జన్యు వనరుల వాడకం, లాభాల పంపకం గురించి 2014లో అమల్లోకి వచ్చిన నగోయా ఒప్పందం రెండూ అడ్డొస్తాయి. ఒక ఏడాది ప్రాజెక్టులో ఈ తలనొప్పి పెట్టుకోవద్దని నా సలహా. ప్రైవేటు స్థలమైతే యజమానిని అడిగి, ఫలితాలు వచ్చాక ఒక కాపీ ఇస్తానని చెప్పి, నిజంగానే ఇవ్వండి.

ఒంటరిగా వెళ్లే రోజు ఎక్కడికి వెళ్తున్నారు, ఎన్నింటికి తిరిగొస్తారు అన్నది ఇంట్లోనో రూమ్మేట్‌కో చెప్పండి. ఆ వేళకు ఫోన్ రాకపోతే ఏం చేయాలో కూడా వాళ్లకు తెలిసుండాలి. నీళ్ల అంచున, రాత్రి పూట, ఎత్తుల్లో ఇద్దరికి తక్కువ వెళ్లొద్దు.

ఏడో మెట్టు: పైలట్

రెండు మూడు రోజులు మొత్తం పనిని చిన్నగా చేసి చూడండి. ఒక చెట్టుకు ఎంతసేపు పడుతోంది? దాన్ని ఉన్న రోజులతో గుణిస్తే మీ శాంపిల్ సంఖ్య నిజంగా కుదురుతుందా? డేటా షీటులో ఏ గడి ఖాళీగా మిగిలిపోతోంది? ఒకే ఇరవై ఆకులను మీరు ఒకసారి, మీ స్నేహితురాలు ఒకసారి చూసి లెక్కలు పోల్చండి. తేడా ఎక్కువగా వస్తే నిర్వచనం గట్టిగా లేదని అర్థం. పైలట్‌లో వచ్చిన డేటాతో ఆ ఖాళీ గ్రాఫును ఒకసారి గీసి కూడా చూడండి. ఇక్కడ ప్రశ్నను మార్చుకోవడంలో తప్పేమీ లేదు. ఆ తర్వాత మాత్రం మార్చొద్దు.

ఎనిమిదో మెట్టు: ఫీల్డ్ నోట్‌బుక్

ఫోన్ యాప్ ఎంత బాగున్నా, పెన్సిల్, కాగితం కూడా ఉండాలి. వానలో ఇంకు కరుగుతుంది, పెన్సిల్ కరగదు. ప్రతి రోజూ పేజీ పైన తేదీ, మొదలైన వేళ, ముగిసిన వేళ, చోటు, అక్షాంశ రేఖాంశాలు, మబ్బు, గాలి, మీతో ఎవరున్నారు అన్నవి రాయండి. సంఖ్యలు డేటా షీటులో, వింతగా తోచినవి నోట్‌బుక్‌లో. "ఏడో చెట్టు దగ్గర చీమలు సొరంగాల మీద తిరుగుతున్నాయి" అన్న ఒక్క లైను, రేపు చర్చ రాసేటప్పుడు మీకు దొరికే మంచి ఆధారం కావచ్చు. అదే రోజు రాత్రి పేజీలను ఫొటో తీసి రెండు చోట్ల దాచండి.

శ్రద్ధగా రాసిన నోట్సుకు ఎంత ఆయుష్షు ఉంటుందో తెలియాలంటే జోసెఫ్ గ్రిన్నెల్ అనే అమెరికా జంతు శాస్త్రవేత్తను తలుచుకోవాలి. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఆయన బృందం కాలిఫోర్నియాలో ఎక్కడ ఏ జంతువు దొరికిందో, ఎన్ని బోనులు ఎక్కడ పెట్టారో పూసగుచ్చినట్టు రాసిపెట్టింది. దాదాపు వందేళ్ల తర్వాత వేరే బృందం ఆ నోట్సు పట్టుకుని యోసెమిటీలో అవే చోట్లకు వెళ్లింది. 2008లో అచ్చయిన ఫలితం ప్రకారం, గమనించిన 28 చిన్న క్షీరద జాతుల్లో సగానికి కొండ మీది హద్దులు సగటున 500 మీటర్ల దాకా పైకి జరిగాయి. పాత బృందం బోనుల సంఖ్య రాయకపోయి ఉంటే ఈ పోలిక కుదిరేది కాదు.

తొమ్మిదో మెట్టు: గుర్తింపు

తెలిసినంత వరకే పేరు పెట్టండి. జాతి దాకా వెళ్లలేకపోతే ప్రజాతి, అదీ కాకపోతే కుటుంబం. "ఈ కుటుంబంలో రెండో రకం" అని మీ సొంత గుర్తు పెట్టుకుని, ప్రతిసారీ అదే వాడితే చాలా ప్రశ్నలకు సరిపోతుంది. డేటా షీటులో ఎంత నమ్మకంగా గుర్తించారో చెప్పే గడి ఒకటి పెట్టండి: ఖాయం, బహుశా, సందేహం.

ఫొటో తీస్తే గుర్తింపుకు పనికొచ్చే భాగాలు తీయాలి. మొక్కకు ఆకు కింది వైపు, కాడ అతుకు, పువ్వు పక్క నుంచి. పురుగుకు పైనుంచి, పక్క నుంచి, ముఖం. పక్కన స్కేలు. ఐనేచురలిస్ట్ లాంటి యాప్ చూపించే పేరు మొదటి సూచన మాత్రమే. దాన్ని గుర్తింపు పుస్తకంలోని కీతో (లక్షణాలను ఒక్కొక్కటిగా అడుగుతూ పేరు దాకా తీసుకెళ్లే ప్రశ్నల వరుస) మెట్టు మెట్టుగా సరిచూసుకోండి. (ఆ యాప్ కూడా 2008లో బర్క్‌లీలో మాస్టర్స్ విద్యార్థుల ఫైనల్ ప్రాజెక్టుగానే మొదలైంది. విద్యార్థి ప్రాజెక్టును చిన్నచూపు చూసేవాళ్లకు ఈ మాట చెప్పండి.) నిపుణులకు రాసేటప్పుడు యాభై ఫొటోలు ఒకేసారి పంపకండి. మీకు ఏ రెండు జాతుల మధ్య సందేహం ఉందో చెప్పి మూడు పంపితే జవాబు వస్తుంది.

పదో మెట్టు: డేటా, లెక్కలు

ఒక వరుస ఒక గమనిక, ఒక నిలువు ఒక విషయం. గడుల్ని కలపొద్దు, రంగులతో అర్థం చెప్పొద్దు. సున్నాకు సున్నా వేయండి, చూడనిదాన్ని ఖాళీగా వదలండి. ఈ రెంటికీ తేడా భూమికీ ఆకాశానికీ ఉన్నంత. తేదీని సంవత్సరం, నెల, రోజు వరుసలో రాయండి. స్ప్రెడ్‌షీట్లు తమంతట తాము తేదీలు మార్చేస్తాయి. ఎక్సెల్ కొన్ని జన్యువుల పేర్లను తేదీలుగా మార్చేస్తోందని 2020లో ఆ పేర్లనే మార్చాల్సి వచ్చింది. మొదటి ఫైలును తాకకుండా దాచి, కాపీ మీద పని చేయండి.

ముందు గ్రాఫు గీయండి, తర్వాతే పరీక్ష. ఒక చెట్టులో 200 సొరంగాలని కనిపిస్తే అది నిజమా, 20కి సున్నా ఎక్కువ పడిందా అన్నది నోట్‌బుక్ చెబుతుంది. ప్రతి చెట్టుకూ ఎండ, నీడ జతగా ఉంటే ఆ జత తేడాల మీద విల్‌కాక్సన్ పరీక్ష (జతల మధ్య తేడా నిజమా, యాదృచ్ఛికమా అని చూసే గణాంక పరీక్ష) చాలు. చెట్టు, కొమ్మ, ఆకు అన్న అంచెలన్నీ కలిపి చూడాలంటే ఆర్ (R) అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో మిక్స్‌డ్ మోడల్ వాడవచ్చు. ఆర్ ఉచితం. కోడ్ రాయడం భారమనిపిస్తే పాస్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది.

వైవిధ్యం సూచికల విషయంలో ఒక మాట. షానన్ సూచిక (జాతులెన్ని, వాటి సంఖ్యలు ఎంత సమానంగా ఉన్నాయి అన్నవి కలిపి చెప్పే లెక్క) అంకె ఒకటి ఇచ్చి "ఈ తోటలో వైవిధ్యం బాగుంది" అని రాయడం పరిపాటి. ఆ అంకె మీరు ఎంతసేపు వెతికారన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. రెండు చోట్లను పోల్చాలంటే సమాన శాంపిల్‌కు కుదించి చూడండి, లేదా కంటబడని జాతులను అంచనా వేయండి. 30 జాతులు దొరికాయి, అందులో 8 ఒక్కసారే, 4 రెండుసార్లే కనిపించాయనుకోండి. చావో సూత్రం ప్రకారం 8 వర్గాన్ని 4కు రెట్టింపుతో భాగిస్తే 8. అంటే అక్కడ కనీసం 38 జాతులు ఉండవచ్చు. జాబితా పూర్తయిందని చెప్పడానికి ముందు ఈ చిన్న లెక్క వేయండి.

పి విలువ (నిజానికి తేడా లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం) ఒక్కటే రాసి ఊరుకోవద్దు. తేడా ఎంత, ఆ అంచనా ఎంత అటూ ఇటూగా ఉండవచ్చు అన్నది రాయండి. తేడా ఏమీ కనిపించలేదంటే ప్రాజెక్టు పోయినట్టు కాదు. రెండో మెట్టులో ప్రశ్నను సరిగ్గా ఎంచుకుంటే "లేదు" కూడా జవాబే. డేటా చూశాక దానికి తగ్గట్టు ప్రశ్నను తిరగరాయడం మాత్రం చేయకూడదు.

పదకొండో మెట్టు: రాయడం

పద్ధతుల భాగం ఫీల్డు నడుస్తుండగానే రాసేయండి. అప్పుడే అన్నీ గుర్తుంటాయి. కొలత ఒక్కటే: అది చదివి మరొకరు మీ చెట్ల దగ్గరికి వెళ్లి అదే పని చేయగలగాలి. తర్వాత గ్రాఫులు, ఫలితాలు. ఆ తర్వాత చర్చ. పరిచయం అన్నిటికన్నా చివర. చర్చలో మీ ఫలితానికి ఉండగల ఇతర కారణాలను మీరే ముందుకు తెండి. నీడ కొమ్మల్లో కందిరీగలు తక్కువగా కనిపించడానికి కారణం నీడా, నీడలో ఆకులు ఆలస్యంగా చిగురించడమా? ఏ గమనిక తీసుకుంటే ఆ రెంటినీ విడదీయవచ్చు? ఈ ఒక్క పేరా రాయగలిగితే మీకు విషయం అర్థమైందని పరీక్షకులకు తెలిసిపోతుంది.

వైవా, ఆ తర్వాత

వైవాలో ప్రశ్నలు దాదాపు ఊహించగలిగినవే. ఈ చోటే ఎందుకు? ఇన్ని చెట్లే ఎందుకు? ఈ జాతి అదేనని ఎలా చెప్పగలరు? మళ్లీ చేస్తే ఏం మారుస్తారు? నోట్‌బుక్ చేతిలో పెట్టుకుని వెళ్లండి. జవాబు తెలియకపోతే "అది కొలవలేదు, కొలవాలంటే ఇలా చేస్తాను" అనండి. బుకాయింపును పరీక్షకులు ఇట్టే పసిగడతారు.

మార్కులు వచ్చాక డేటాను పెన్‌డ్రైవ్‌లో మర్చిపోకండి. శుభ్రమైన పట్టిక, ప్రతి నిలువుకూ అర్థం చెప్పే ఒక పేజీ, పద్ధతుల భాగం, ఈ మూడూ కలిపి గైడు అనుమతితో జెనోడో లాంటి ఉచిత భాండాగారంలో పెడితే దానికి శాశ్వత చిరునామా వస్తుంది. జాతుల రికార్డులను ఐనేచురలిస్ట్‌లోకి ఎక్కిస్తే కమ్యూనిటీ ధ్రువీకరించినవి, తగిన లైసెన్సు ఉన్నవి జీబిఫ్‌కు చేరతాయి. అరుదైన జాతులు, గూళ్లు, ఆర్కిడ్లు ఉంటే కచ్చితమైన చోటు దాచి, దగ్గరలోని పెద్ద ప్రాంతం పేరు మాత్రమే ఇవ్వండి. చెట్ల అంకెలు, వాటి చోట్లు ఉన్న పటం ఒక కాపీ విభాగంలో వదిలి వెళ్లండి. వచ్చే బ్యాచ్‌లో ఎవరైనా అవే చెట్ల మీద రెండో ఏడాది లెక్క తీయాలనుకుంటే వాళ్లకు మొదట కావాల్సింది అదే.